అక్కో రేవులో ఆశీలు

మొదటి రోజు – 2019 నవంబర్ 20, బుధవారం

"యుద్ధం వస్తే సరుకు ఆగిపోద్దా?" మా మావయ్య రెండేళ్లుగా నన్ను ఇదే అడుగుతున్నాడు. ఆయన అనకాపల్లిలో ముప్పై ఎనిమిదేళ్లు బెల్లం కమీషన్ కొట్టు నడిపిన మనిషి. 1971లో విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి తిరుగుతోందని ఊళ్లన్నీ దీపాలు ఆర్పుకుని కూర్చున్నాయి. ఆ రోజుల్లో కూడా పొద్దున్నే కాటాలు ఆగలేదని వాళ్ల నాన్న చెప్పేవాడట. నేను శిలువ యుద్ధాల కాలం నాటి వ్యాపారం గురించి పదేళ్లుగా దొరికిందల్లా చదువుతున్నాను. రెండు వందల ఏళ్లు మతం పేరుతో కొట్టుకున్న చోట మిరియాలు, చక్కెర, పట్టు ఎలా చేతులు మారాయో ఇజ్రాయెల్ తీరంలోని అక్కో రేవులోనే నిలబడి ఆయనకు చెప్పాలనిపించింది. అలా బయల్దేరాం ఇద్దరం.

వారం కిందటే గాజా వైపు నుంచి రాకెట్లు, ఇటు నుంచి బాంబులు అని టీవీలో చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. అత్తయ్య అయితే టికెట్లు రద్దు చేసుకోమని ఏడ్చింది. కానీ ఢిల్లీ నుంచి టెల్ అవీవ్ విమానంలో ఒక్క సీటు ఖాళీ లేదు. ముందు వరసల్లో వజ్రాల వ్యాపారం చేసే గుజరాతీలు, వెనక జెరూసలేం యాత్రకు వెళ్తున్న మన కోస్తా క్రైస్తవ కుటుంబాలు. మావయ్య అటూ ఇటూ చూసి, "నా ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉందిరా" అన్నాడు.

విమానాశ్రయం నుంచి రైల్లో ఉత్తరంగా రెండు గంటలలోపే అక్కో. చాలా దూరం ఎడమ పక్కన సముద్రం తోడొస్తుంది. పాత ఊరు గోడల లోపల, అరబ్బుల పేటలో గది తీసుకున్నాం. సందులు మనిషీ మనిషీ ఒరుసుకుని నడిచేంత ఇరుకు. రాత్రంతా గోడకి అల కొట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రెండో రోజు – గురువారం

పొద్దున్నే రేవుకి వెళ్లాం. ఇప్పుడు అక్కడ చేపల పడవలు, టూరిస్టుల లాంచీలు తప్ప ఏమీ లేవు. ఒడ్డునే ఖాన్ అల్ ఉమ్దాన్, అంటే స్తంభాల సత్రం. 18వ శతాబ్దం చివర ఒట్టోమన్ల పాలకుడు జజ్జార్ పాషా కట్టించాడు. గ్రానైట్ స్తంభాలు కైసరియా శిథిలాల నుంచి తెచ్చినవి. తలుపు వేసి ఉంది, సందులోంచే చూశాం. లోపల విశాలమైన నలుచదరపు వాకిలి, కింద సరుకు పెట్టే కొట్లు, పైన వర్తకులు పడుకునే గదులు.

నేను ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది ఆ సత్రం కోసం కాదు, దాని కింద ఉన్నదాని కోసం. శిలువ యుద్ధాల కాలంలో రాజుగారి సుంకం ఆఫీసు ఇక్కడే ఉండేది. రేవు మూతికి అడ్డంగా కట్టే గొలుసును బట్టి దాన్ని గొలుసు కచేరీ అనేవాళ్లు.

1099లో యూరప్ సైన్యాలు జెరూసలేం పట్టుకున్నాయి. కానీ రేవు లేని రాజ్యం ఎన్నాళ్లు బతుకుతుంది? మనుషులు, గుర్రాలు, డబ్బు అన్నీ సముద్రం మీదే రావాలి. 1104లో జెనోవా ఓడల సాయంతో రాజు బాల్డ్‌విన్ అక్కో పట్టుకున్నాడు. సాయానికి బదులుగా రేవు ఆదాయంలో మూడో వంతు జెనోవా వాళ్లకు రాసిచ్చాడు. "పట్టుకోకముందే పంపకమా" అని మావయ్య నోరెళ్లబెట్టాడు. తర్వాత వెనీస్ వాళ్లకొక పేట, పీసా వాళ్లకొక పేట వచ్చాయి. దేవుడి పేరుతో వచ్చిన సైన్యం వెనక లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్లు వీళ్లు.

1184 సెప్టెంబర్‌లో ఇక్కడ దిగిన ఒక మనిషి కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇబ్న్ జుబైర్, స్పెయిన్‌లోని గ్రనాడాలో ఉద్యోగి, మక్కా యాత్ర చేసి తిరిగి వెళ్తున్న ముస్లిం. డమాస్కస్ నుంచి వర్తకుల బిడారుతో కలిసి వచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈజిప్టు, సిరియాల సుల్తాన్ సలాదీన్ సైన్యం శిలువ రాజ్యపు కెరాక్ కోటను ముట్టడిస్తోంది. అటు కోట మీద యంత్రాలు విసిరే రాళ్లు పడుతుంటే ఇటు డమాస్కస్ ముస్లిం వర్తకులు నింపాదిగా క్రైస్తవ రాజ్యంలోకి ఒంటెలు తోలుకుని వస్తున్నారు. క్రైస్తవ వర్తకులు ముస్లిం ఊళ్లకు వెళ్తున్నారు. ఎవరి జోలికీ ఎవరూ పోవడం లేదు. రెండు వైపులా దారి సుంకం కడితే చాలు. పోరాడేవాళ్లు పోరాటంలో ఉన్నారు, జనం తమ పనిలో తామున్నారని ఆయన ఆశ్చర్యపడుతూ రాసుకున్నాడు.

ఈ సుంకం ఆఫీసు ముందు ఏం చూశాడో కూడా రాశాడు. తివాచీ పరిచిన రాతి అరుగుల మీద క్రైస్తవ గుమాస్తాలు. ముందు బంగారు పూత అలంకారాలున్న నల్ల చేవ కర్ర సిరాబుడ్లు. వాళ్లు మాట్లాడేదీ రాసేదీ అరబ్బీలోనే. ఆ కచేరీ పేరు దివాన్. మన జమీందార్ల దివాణం ఉందే, ఆ మాటే ఇది. ఇటలీ వాళ్లు సుంకానికి వాడే దొగానా కూడా దీని పిల్లే.

మావయ్య అరుగు ఉండే చోటు ఎక్కడో వెతికాడు. ఏ గుర్తూ లేదు. చివరికి ఒక మెట్టు మీద కూర్చుని, "ఆశీలు ఎంత?" అని అడిగాడు. ఆయనకు సంత అంటే ఆశీలుతోనే మొదలు.

జెరూసలేం రాజ్యపు చట్టాల్లో ఆ పట్టిక ఇప్పటికీ మిగిలి ఉంది. బెజాంట్ అంటే అక్కడి బంగారు నాణెం. 100 బెజాంట్ల ఖరీదు మిరియాలకు 11 బెజాంట్ల మీద కాస్త చిల్లర. వెనీస్, జెనోవా వాళ్లకు ఒప్పందాల వల్ల మినహాయింపులుండేవి, మిగతావాళ్లు కట్టాల్సిందే. మలబారులో కొన్న మిరియం ఏడెన్, ఎర్ర సముద్రం, ఈజిప్టు దాటి వస్తూ దారిలో ప్రతి రాజుకూ కొంత రాల్చుకుంటూ వచ్చేది.

అప్పుడు మన మోటుపల్లి శాసనం గుర్తొచ్చి చెప్పాను. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. ఇంతకు ముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లు, మేం అలా చేయం, ప్రాణం కన్నా ధనం విలువైనదనుకుని సముద్రానికి తెగించినవాళ్ల మీద దయతో నియమించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పై వంతుల్లో ఒక వంతు. అదే 1244లో మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వారజ్మ్ గుర్రపు దండు జెరూసలేంలో జొరబడి క్రైస్తవుల చేతిలోంచి ఆ ఊరిని చివరిసారి లాగేసుకుంది. ఒకే సంవత్సరం, ఒకే సముద్రపు దారికి రెండు కొసలు.

"నూటికి పదకొండెక్కడ, మూడుంపావెక్కడ" అని మావయ్య మెట్టు మీద నుంచి లేచాడు. మన రాజును తల్చుకుని ఆయన మొహం వెలిగిపోయింది.

మధ్యాహ్నం పక్కనే ఖాన్ అల్ ఫరంజ్ చూశాం. పాత వెనీస్ పేట ఉన్న చోట తర్వాత కట్టిన సత్రం. ఫరంజ్ అంటే ఫ్రాంకులు, మన భాషలో పరంగివాళ్లు. పరంగి సత్రం అనుకోగానే ఊరు కాస్త దగ్గరైనట్టనిపించింది.

మూడో రోజు – శుక్రవారం

ఈ రోజు గురించి ఎంత రాసినా నాకు తక్కువే.

హాస్పిటలర్ల కోట ఊరి మధ్యలో ఉంది. రోగుల సేవ కోసం పుట్టి, తర్వాత కత్తి పట్టిన సన్యాసుల సంఘం వాళ్లది. ఒట్టోమన్ల కాలంలో ఈ హాళ్లను మట్టితో నింపి పైన కొత్త కోట కట్టారు. ఆ మట్టే వీటిని కాపాడింది. లావుపాటి స్తంభాలు, ఎత్తయిన కప్పులు, నవంబర్‌లో కూడా చల్లగా తడి వాసన. సైన్యం గురించి బోర్డులు చాలా ఉన్నాయి. మేం వాటిని చదవకుండా నడుచుకుంటూ వెళ్లి ఒక హాల్లో ఆగిపోయాం.

అక్కడ మట్టి పాత్రలు ఉన్నాయి. తవ్వకాల్లో వేల కొద్దీ దొరికాయి. గరాటు ఆకారం, కింద కొసన వేలు పట్టేంత చిల్లు. పక్కన పొడుగాటి కూజాలు. మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. బోర్డు చదవనివ్వలేదు.

"చక్కెరరా ఇది. పాకం ఈ గరాటులో పోస్తారు. గడ్డ కడతా ఉంటే మడ్డి చిల్లులోంచి కూజాలోకి దిగిపోద్ది. పైన తెల్లటిది మిగుల్తుంది. మనం దించకుండా, మడ్డితోనే దిమ్మ కట్టేస్తాం. అంతే తేడా."

బోర్డులో కూడా అదే ఉంది. ఆయన కాసేపు ఆ పాత్ర అంచు దగ్గర వంగి చూస్తూ ఉండిపోయాడు. కుమ్మరి వేళ్ల గీతలు చుట్టూ తిరుగుతూ చిల్లు దాకా దిగాయి. లోపలి వైపు మాత్రం నున్నగా ఉంది, గడ్డ అంటుకోకుండా జారాలని. తాతయ్య గానుగ దగ్గర చలికాలం తెల్లారుజామున పెనంలో పాకం ఉడుకుతుంటే వచ్చే వాసన నాకు అక్కడ, ఆ రాతి హాల్లో, ముక్కుకి తగిలినట్టే అనిపించింది.

చెరకు ఈ నేలది కాదు. మన శర్కర పారశీకం మీదుగా అరబ్బీలో సుక్కర్ అయ్యింది. ఖండం ఖంద్ అయ్యి, చివరికి ఇంగ్లీషు పిల్లలు తినే క్యాండీ అయ్యింది. అరబ్బుల వెంట చెరకు ఈ తీరానికి వచ్చింది. శిలువ సైన్యాలు వచ్చినప్పుడు చాలామంది సైనికులకు చెరకు కొత్త. వందేళ్లు తిరిగేసరికి హాస్పిటలర్లు, వాళ్లలాంటి ఇంకో కత్తి పట్టిన సన్యాసుల సంఘం టెంప్లార్లు చెరకు తోటల యజమానులు. అక్కో పక్క వాగు మీద వాళ్ల రెండు మరలు, నీటి కోసం ఏళ్ల తరబడి తగువు. కాలవ నీటి కోసం మన దగ్గర జరిగే తగువుల్లాంటివే, పైగా ఇద్దరూ ఒకే దేవుడి సైనికులు. చక్కెర అప్పట్లో వంటింటి సరుకు కన్నా మందుల కొట్టు సరుకు. కొంత వాళ్ల ఆసుపత్రికి, మిగతాది ఓడలెక్కి యూరప్‌కి.

1291లో అక్కో పడిపోయాక చక్కెర ఏమైంది అన్నది మావయ్య తరువాతి ప్రశ్న. అది సైప్రస్‌కి తరలిపోయింది. ఓడిపోయి వెళ్లిన హాస్పిటలర్లే అక్కడ కొలొస్సీలో మళ్లీ మొదలుపెట్టారు. అక్కడి నుంచి పడమటికి, 15వ శతాబ్దంలో అట్లాంటిక్ దీవి మదైరాకి, ఆ తర్వాత సముద్రం దాటి బ్రెజిల్‌కి. చెరకు వెంట బానిసత్వం కూడా పెరుగుతూ పోయింది. యుద్ధం ఒక ఊళ్లో పొయ్యి ఆర్పితే ఇంకో ఊళ్లో పొయ్యి అంటుకుంది. ఆరిపోయిన ఊరి గతి గురించి వ్యాపార చరిత్ర రాసేవాళ్లు అంతగా పట్టించుకోరు. నాకు ఆ ఊరే ముఖ్యం అనిపిస్తుంది.

సాయంత్రం టీ తాగుతూ ఫోన్లో ఒక నాణెం బొమ్మ చూపించాను. ఈ ఊరి టంకశాలలోనే కొట్టిన బంగారు బెజాంట్. ముస్లిం దినార్లకు నకలు, మీద అరబ్బీ అక్షరాలు. మహమ్మద్ ప్రవక్త పేరు కూడా అందులో ఉండేది. ఎందుకంటే లోపలి ఊళ్ల వర్తకులకు ఆ రూపే అలవాటు, తెలియని నాణెం ఎవరూ తీసుకోరు. 1250లో పోప్ ప్రతినిధి చూసి మండిపడ్డాడు, పోప్ నిషేధించాడు. అప్పుడు అక్కో టంకశాల ఏం చేసిందో చూడండి. 1251లో కొత్త నాణెం వేసింది. మధ్యలో శిలువ గుర్తు, చుట్టూ క్రైస్తవ విశ్వాస వాక్యాలు, కానీ లిపీ భాషా మళ్లీ అరబ్బీయే.

"చలామణీ ముఖ్యం గదా" అన్నాడు మావయ్య.

నాలుగో రోజు – శనివారం

సబ్బాతు రోజు. బస్సుల్లేవు, రైళ్లు చీకటి పడ్డాకే. పాత ఊళ్లో అరబ్బుల కొట్లు మాత్రం కిటకిటలాడుతున్నాయి. శనగల హుమ్మస్, వేడి రొట్టె తిని సముద్రపు గోడ మీద నడిచాం.

ఈ గోడ మీదే నాకు మనసు బరువెక్కింది. 1290 ఆగస్టులో ఇటలీ నుంచి కొత్తగా దిగిన శిలువ దండు ఒకటి, ఎవరితోనూ యుద్ధం దొరక్క, సంతకి వచ్చిన ముస్లిం వర్తకులనూ రైతులనూ చంపేసింది. అక్కో పాతకాపులు ఆపాలని చూశారు, వల్ల కాలేదు. అప్పటికి ఈజిప్టు సుల్తాన్ ఖలావూన్‌తో సంధి నడుస్తోంది. హంతకులను అప్పగించమని ఆయన అడిగాడు. వీళ్లు ఇవ్వలేదు. ఆయన ఆ ఏడాదే చనిపోయాడు, కొడుకు అల్ అష్రఫ్ ఖలీల్ పని పూర్తి చేశాడు. 1291 మే 18న గోడలు బద్దలయ్యాయి. ఓడలు దొరికినవాళ్లు సైప్రస్ చేరారు, దొరకనివాళ్లు చచ్చారు, లేదా బానిసలయ్యారు. ఫ్రాంకులు మళ్లీ దిగకుండా ఈ తీరం రేవులన్నీ కూలగొట్టించాడు సుల్తాన్. 18వ శతాబ్దంలో స్థానిక పాలకుడు జాహిర్ అల్ ఉమర్ లేపేదాకా అక్కో దాదాపు పాడుబడే ఉంది.

ఆ గోడలు పగలగొట్టిన మమ్లూకులు ఎవరు? చిన్నప్పుడు బానిసలుగా కొనబడిన కిప్చాక్ తురుష్క పిల్లలు. నల్ల సముద్రం ఒడ్డున కొని ఈజిప్టుకి తరలించే వ్యాపారంలో జెనోవా ఓడలు పెద్ద పాత్ర వహించాయి. అంటే క్రైస్తవ ఓడల్లో వెళ్లిన పిల్లలు పెద్దవాళ్లై క్రైస్తవ అక్కోను కూల్చారు. అంతకు ముందు ఇనుము, కలప సంగతీ అంతే. ఈజిప్టులో ఓడలకు కలప లేదు. 1179లో రోమ్‌లో జరిగిన చర్చి పెద్దల సభ, లాటరన్ సభ, ఆయుధాలు, ఇనుము, కలప ముస్లింలకు అమ్మితే మతం నుంచి వెలి అని శాసించింది. 1215లో మళ్లీ అదే శాసనం. ఒకసారికి ఆగి ఉంటే రెండోసారి చెప్పే పనేముంది?

నేను ఇన్నాళ్లూ "యుద్ధంలో కూడా వర్తకులు మనిషిని మనిషిగా చూశారు" అని ఇబ్న్ జుబైర్ కథ మురిపెంగా చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ ఆ పిల్లల్ని లెక్క పెట్టి ఓడెక్కించింది కూడా అదే వర్తకం. రెండూ కలిపి చెప్పకపోతే తప్పు.

గోడ మీద మా మాటలు విని ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. "మీది ఏ ఊరండి?" కోనసీమ అమ్మాయి. కొత్త ఊళ్లో ఒక ముసలావిడను చూసుకునే కేర్‌గివర్ పని, వారానికి ఒక్కరోజు సెలవు. పోయిన వారం రాకెట్ల గొడవలో భయపడ్డావా అమ్మా అని మావయ్య అడిగాడు. "భయమేనండి. కానీ ఒకటో తారీఖు ఇంటికి డబ్బులు వెళ్లాలి కదండి" అంది. మావయ్య సంచిలో ఉన్న బెల్లం ముక్క, పల్లీలు మొత్తం ఆమె చేతిలో పెట్టేశాడు. ఆమె అక్కడే ఒక ముక్క నోట్లో వేసుకుని సముద్రం వైపు తిరిగిపోయింది. మేం కూడా ఏమీ మాట్లాడలేదు.

ఐదో రోజు – ఆదివారం

టాక్సీ మాట్లాడుకుని హత్తీన్ కొమ్ముల దాకా వెళ్లాం. రెండు మూపులున్న చిన్న గుట్ట, ఎండిన గడ్డి, నల్ల రాళ్లు. పైకెక్కితే కింద గలిలయ సరస్సు నీలంగా కనిపిస్తుంది. 1187 జులై 4న దాహంతో ఎండిపోయిన శిలువ సైన్యం ఆ నీటిని చూస్తూ ఇక్కడ కూలిపోయింది.

ఈ యుద్ధానికి నిప్పు రాజేసిన వాటిలో ఒక బిడారు దోపిడీ ఉంది. కెరాక్ కోట దొర రేనాల్డ్, సంధి ఉండగానే, కైరో నుంచి డమాస్కస్ వెళ్తున్న బిడారును పట్టుకున్నాడు. తిరిగిచ్చెయ్యమని తన రాజు చెప్పినా వినలేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 1182–83 చలికాలంలో ఇంకా పెద్ద తెగింపు చేశాడు. ఓడలను విడి భాగాలుగా ఒంటెల మీద మోయించి, ఎర్ర సముద్రం మీద దించాడు. అతని మనుషులు ఐధాబ్ రేవులో ఓడలు తగలబెట్టారు. ఐధాబ్ అంటే మన వైపు నుంచి వెళ్లే సరుకు ఏడెన్ మీదుగా వచ్చి దిగే ఈజిప్టు రేవు. మలబారు మిరియం అక్కడ ఒంటెలెక్కి నైలు ఒడ్డు చేరి, పడవల్లో కైరో, అలెగ్జాండ్రియా వెళ్లేది. సలాదీన్ తమ్ముడు పంపిన నౌకాదళం ఆ ఓడలను వెంటాడి నాశనం చేసింది. ఆ తర్వాత ఈజిప్టు పాలకులు ఎర్ర సముద్రంలోకి క్రైస్తవ ఓడలను రానివ్వలేదు. మిరియాల వ్యాపారం కారిమీ అనే ముస్లిం వర్తకుల చేతుల్లో గట్టిపడింది. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరే దాకా పరంగివాళ్లు మిరియాలు నేరుగా కొనలేకపోవడానికి ఈ మూత కూడా ఒక కారణం.

యుద్ధం తర్వాత రేనాల్డ్‌ను సలాదీన్ తన చేత్తోనే నరికాడు. "దారిలో సరుకు కొట్టినవాణ్ణి ఏ యార్డూ క్షమించదు" అని మావయ్య అన్నాడు. కోపంగానే అన్నాడు.

ఆరో రోజు – సోమవారం

ప్రయాణమే. విమానాశ్రయంలో చాలా ప్రశ్నలు, సంచులన్నీ విప్పి చూడటం, మధ్యలో విమానం మారడం. రాత్రి వెనీస్. కాలవ పడవలో చలికి మావయ్య మఫ్లర్ చెవులకు చుట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు.

ఏడో రోజు – మంగళవారం

రెండు వారాల కిందట, నవంబర్ 12న, ఇక్కడ సముద్రం 187 సెంటీమీటర్లు పొంగింది. సాన్ మార్కో చర్చి చుట్టూ కొట్ల గోడల మీద నడుము దాకా తడి మరక ఇంకా ఆరలేదు. కొట్లవాళ్లు చెక్క బీరువాలు బయట ఎండబెట్టుకుంటున్నారు. గోదావరి వరద చూసినవాళ్లకు ఆ మొహాలు కొత్తగా అనిపించవు.

చర్చి దక్షిణం పక్కన రెండు చలవరాతి స్తంభాలు విడిగా నిలబడి ఉంటాయి. ద్రాక్ష తీగలు, ఆకులు చెక్కిన పనితనం. వాటిని అక్కో స్తంభాలు అంటారు. అక్కోలో 1256లో మొదలైన వెనీస్, జెనోవా వీధి యుద్ధంలో ఓడిన జెనోవా పేట నుంచి ఇవి తెచ్చారని శతాబ్దాలుగా చెప్పుకున్నారు. ఇద్దరూ క్రైస్తవులే, ఒకే శిలువ నీడలో ఒకరి గోదాములు ఒకరు కూల్చుకున్న మాట మాత్రం నిజం. స్తంభాల కథే తప్పు. 1960లలో ఇస్తాంబుల్‌లో తవ్వకాల్లో సరిగ్గా ఇదే చెక్కడం ఉన్న రాళ్లు బయటపడ్డాయి. ఇవి 6వ శతాబ్దంలో అక్కడ కట్టిన సెయింట్ పోలియూక్టస్ చర్చివి. అంటే 1204 దోపిడీ సొత్తు.

1204 సంగతి మావయ్యకు అప్పు కథలా చెప్పాను, ఎందుకంటే అది అప్పు కథే. 1201లో శిలువ నాయకులు వెనీస్‌తో బేరం కుదుర్చుకున్నారు. 4,500 మంది నైట్లు, అన్నే గుర్రాలు, 9,000 మంది అనుచరులు, 20,000 కాలిబంట్లు. కిరాయి 85,000 వెండి మార్కులు. వెనీస్ తన వ్యాపారం ఆపుకుని ఓడలు కట్టింది. తీరా చూస్తే వచ్చిన మనుషులు మూడో వంతు, బాకీ 34,000 మార్కులు. చూపు లేని ముసలి డోజ్ (వెనీస్ పాలకుడు) ఎన్రికో దాందొలో బాకీ వాయిదా వేస్తానన్నాడు, ముందు జారా ఊరు పట్టిస్తే. అది క్రైస్తవ ఊరు. పట్టించారు. తర్వాత కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇప్పటి ఇస్తాంబుల్, అదీ అప్పట్లో క్రైస్తవ రాజధానే. బయల్దేరింది ఈజిప్టు మీదకి, ఒక్క ఓడ కూడా అటు వెళ్లకుండా దండయాత్ర అక్కడే ముగిసిపోయింది. వెనీస్ వాటాకి ఆ సామ్రాజ్యంలో పావు, ఆ పావులో సగం. చర్చి మీద ఉన్న నాలుగు కంచు గుర్రాలూ అక్కడివే. బయట ఉన్నవి నకళ్లు, అసలువి లోపల.

"వాయిదా ఇచ్చినవాడు ఊరికే ఇవ్వడు" అన్నాడు మావయ్య. ఆ స్తంభం మీది ద్రాక్ష తీగను చాలాసేపు చూశాడు. ఏ తల్లి కట్టించిన గుడో పాపం అని ఆయన అంటే నాకు ఒళ్లు జలదరించింది. నిజంగానే ఆ చర్చిని కట్టించింది ఒక స్త్రీ, రాజకుటుంబానికి చెందిన అనీసియా జూలియానా. నేను ఆ మాట అప్పటికి ఆయనతో చెప్పలేదు.

ఎనిమిదో రోజు – బుధవారం

రియాల్టో. పొద్దున్నే చేపల సంత, కూరగాయల సంత. మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు, ఎట్టకేలకు ఒక సంత. సాన్ జియాకొమో అనే చిన్న చర్చి వెనక గోడ మీద పాత లాటిన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఈ గుడి చుట్టూ వర్తకుల న్యాయం సమంగా ఉండాలి, తూకంలో మోసం ఉండరాదు, ఒప్పందం వంకరగా ఉండరాదు అని. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. సొంత కొట్టులో కాటా మీద తన తండ్రి పసుపు కుంకుమ పెట్టేవాడని చెప్పాడు.

అక్కో పోయాక పోప్ ఈజిప్టుతో మొత్తం వ్యాపారమే నిషేధించాడు. కొన్ని దశాబ్దాలు సరుకు చుట్టూ తిరిగింది. ఆర్మేనియా రాజ్యపు అయాస్ రేవు, సైప్రస్‌లో ఫమగుస్టా పెరిగిపోయాయి. మంగోలుల దారిన పారశీకం మీదుగా కూడా మిరియం వచ్చింది. ఈలోగా డబ్బు కట్టినవాళ్లకు పోప్ అనుమతి పత్రాలు ఇవ్వడం మొదలైంది. 1344లో వెనీస్ అలా అనుమతి సంపాదించింది, 1345లో దాని ఓడలు మళ్లీ అలెగ్జాండ్రియా చేరాయి. ఇరవై ఏళ్లకు, 1365 అక్టోబర్‌లో సైప్రస్ రాజు పీటర్ శిలువ పేరుతో అలెగ్జాండ్రియాను దోచి వెళ్లిపోయాడు. ఆ దెబ్బకు అక్కడి వెనీస్ వర్తకుల సరుకు కూడా పోయింది, వాళ్లను పట్టి బంధించారు, యూరప్‌లో మసాలా ధరలు పైకి పోయాయి. సంధి కుదరడానికి 1370 దాకా పట్టింది. ఈజిప్టులో ఎంతోమంది అమాయకులు ఆ ఒక్క దాడిలో చచ్చిపోయారు. ఆ ధరల పెరుగుదల గురించి చదివినప్పుడల్లా ముందు వాళ్లే గుర్తుకు రావాలని నా కోరిక.

కాలవ ఒడ్డున పెద్ద తెల్ల భవనం, ఫొందకో దేయ్ తెదెస్కీ. జర్మన్ వర్తకుల సత్రం. 1228లో మొదట కట్టారు, 1505లో కాలిపోతే మళ్లీ లేపారు. మేం వెళ్లినప్పుడు ఖరీదైన బట్టల మాల్ (అది 2025లో మూతపడింది). ఫొందకో అన్న మాట అరబ్బీ ఫుందుఖ్ నుంచి వచ్చింది. అలెగ్జాండ్రియాలో వెనీస్ వాళ్లకు ఇచ్చిన సత్రాలను రాత్రిళ్లూ, శుక్రవారం నమాజు వేళలోనూ బయట నుంచి తాళం వేసేవాళ్లు. ఆ పద్ధతి నేర్చుకుని వచ్చి వెనీస్ జర్మన్లను ఇక్కడ అదే రకంగా ఒకే కప్పు కింద ఉంచింది. వెనీస్ టంకశాల పేరు జెక్కా కూడా అరబ్బీ సిక్కా నుంచే. మన పెద్దవాళ్లు సిక్కా రూపాయి అనేవాళ్లు, గుర్తుందా?

లోపలికి వెళ్లి మధ్య వాకిట్లో నిలబడ్డాం. చుట్టూ నాలుగు అంతస్తుల్లో కమానులు, పైన గాజు కప్పు. మావయ్య పైకి చూస్తూ నెమ్మదిగా చుట్టూ తిరిగాడు.

"కింద సరుకు, పైన గదులు, మధ్యలో వాకిలి. మొన్న అక్కోలో తలుపు సందులోంచి చూసిందే గదరా ఇది."

"అదే మావయ్యా."

"మరి ఇది ఎవరిని చూసి కట్టారో ఆ అలెగ్జాండ్రియా ఇక్కడికి ఎంత దూరం?"

ఫోన్ తీసి ఓడ దారి వెతకడం మొదలుపెట్టాను.